రెండిళ్ళ మధ్య పిల్లలు: విడిపోయిన తల్లిదండ్రులకు ఒక పెంపకం ఒప్పందం

(కమ్యూనిటీ రేడియో తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



ఈ రోజు నేను మాట్లాడబోయేది మన ఇళ్ళల్లో ఇంకా గొంతు తగ్గించి మాట్లాడుకునే విషయం. భార్యాభర్తలు విడిపోయాక పిల్లల పెంపకాన్ని ఎలా పంచుకోవాలి అన్నది. దానికోసం ఇద్దరూ కూర్చుని రాసుకునే కాగితాన్ని పేరెంటింగ్ ప్లాన్ అంటారు. మనం పెంపకం ఒప్పందం అనుకుందాం.

నా గురించి రెండు ముక్కలు చెబుతాను. మాది మలేసియాలో పేరా రాష్ట్రం, బాగన్ దాతుక్. పేరా నది సముద్రంలో కలిసే చోటు. 2017లో జిల్లా అయింది. కొబ్బరి తోటలకు పేరున్న ప్రాంతం. తాతముత్తాతల కాలంలో ఆ తోటల్లో పనికి వచ్చిన తెలుగువాళ్ళ పిల్లలం, మనవలం ఇప్పటికీ అక్కడ ఉన్నాం. నేను విశాఖపట్నంలో కంప్యూటర్స్‌లో పీజీ చేసి, ఇప్పుడు కౌలాలంపూర్‌లో ఐటీ కన్సల్టెంట్‌గా పనిచేస్తున్నాను. మా పాప వాళ్ళమ్మా నేనూ 2021 మొదట్లో వేరుపడ్డాం. పాపకి అప్పుడు 5 ఏళ్ళు. వాళ్ళమ్మతో, అమ్మమ్మా తాతయ్యలతో బాగన్ దాతుక్‌లో ఉంటుంది. నేను లాయర్ని కాను. ఇలాంటి ఒప్పందం ప్రకారం కొన్నేళ్ళుగా నడుచుకుంటున్న తండ్రిని, అంతే. మీ కేసుకి చట్టం ఎలా వర్తిస్తుందో లాయర్ని అడిగే తెలుసుకోవాలి.

ముందుగా ఒక ప్రశ్న. తల్లీతండ్రీ ఇద్దరూ మంచివాళ్ళే, పిల్లంటే ఇద్దరికీ ప్రాణమే అయినప్పుడు కాగితం ఎందుకు? మాటమీద నడవదా? కొన్నాళ్ళు నడుస్తుంది. ఆ తరవాత ఏం జరుగుతుందో చెబుతాను. ఏ వారం ఎవరి దగ్గర ఉండాలో తేలనప్పుడు పెద్దవాళ్ళు పిల్లనే అడుగుతారు. "ఈ వారం నాన్న వస్తానన్నాడా?" "మీ అమ్మని అడిగి చెప్పు." అలా పిల్ల కబురు మోసే మనిషి అయిపోతుంది. ఒకసారి మా పాప నన్ను అడిగింది: "నాన్నా, నీ దగ్గర ఐస్‌క్రీమ్ తిన్నానని అమ్మమ్మకి చెప్పచ్చా?" ఐస్‌క్రీమ్ పెద్ద విషయమేమీ కాదు. కానీ ఏ ఇంట్లో ఏ మాట చెప్పచ్చు, ఏది చెప్పకూడదు అని 5 ఏళ్ళ పిల్ల లెక్క వేసుకుంటోంది. ఆ లెక్క వేయాల్సింది మేమిద్దరం. ఒప్పందం రాసుకునేది అందుకే. పిల్ల నెత్తిన ఉన్న బరువు తీసి కాగితం మీద పెట్టడానికి.

ఇక మలేసియా చట్టం ఏమంటుందో క్లుప్తంగా చూద్దాం. ముస్లిమేతరులకు వర్తించేది 1976 నాటి వివాహ, విడాకుల సంస్కరణ చట్టం. 1982 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. దాని 88వ సెక్షన్ ప్రకారం కస్టడీ విషయంలో కోర్టు అన్నిటికన్నా ముందు చూసేది పిల్లల క్షేమం. ఆ తరవాత తల్లిదండ్రుల కోరికలు, సొంతంగా చెప్పగలిగే వయసు ఉంటే పిల్లల కోరిక. ఏడేళ్ళ లోపు పిల్లలు తల్లి దగ్గర ఉండటమే మంచిదని చట్టం మొదట భావిస్తుంది. తగిన కారణాలు చూపిస్తే ఆ భావన మారవచ్చు. పిల్లల్ని అటూ ఇటూ మార్చి వాళ్ళ జీవితాన్ని కుదిపేయడం మంచిది కాదన్న సంగతిని కూడా కోర్టు గుర్తు పెట్టుకోవాలని అదే సెక్షన్ చెబుతుంది. 1961 నాటి మైనర్ల సంరక్షక చట్టానికి 1999లో వచ్చిన సవరణతో తల్లికీ తండ్రికీ సమాన హక్కులు వచ్చాయి.

ఇద్దరూ ఒప్పుకుని విడిపోతుంటే 52వ సెక్షన్ కింద ఉమ్మడి పిటిషన్ వేసుకోవచ్చు. అప్పుడు కూడా జడ్జిగారు చూసేది, ఇద్దరూ ఇష్టపూర్వకంగానే వచ్చారా, భార్యకూ పిల్లల పోషణకూ సంరక్షణకూ సరైన ఏర్పాటు జరిగిందా అని. ఆ "సరైన ఏర్పాటు" అన్న మాట దగ్గరే మన ఒప్పందం పనికొస్తుంది. మేం ముందు మామూలు కాగితం మీద రాసుకున్నాం. తరవాత లాయర్ సాయంతో అందులోని ముఖ్యమైన అంశాలు ఇపో హైకోర్టు ఇచ్చిన సమ్మతి ఉత్తర్వులోకి ఎక్కాయి. తేడా గమనించండి. ఇద్దరం సంతకం పెట్టుకున్నంత మాత్రాన అది కోర్టు ఉత్తర్వు కాదు. ఎవరైనా మాట తప్పితే కోర్టుకెళ్ళి అమలు చేయించుకోవాలంటే ఉత్తర్వు ఉండాలి.

ఈ ఆలోచన మలేసియాలోనే పుట్టింది కాదు. అమెరికాలో, మనవాళ్ళు చాలామంది ఉన్న సియాటిల్ నగరం ఏ రాష్ట్రంలో ఉందో ఆ వాషింగ్టన్ రాష్ట్రంలో 1987లోనే పేరెంటింగ్ యాక్ట్ వచ్చింది. పిల్లలున్న జంట విడాకులు తీసుకుంటే ఈ ప్లాన్ ఉండాల్సిందే అన్నారు. ఆస్ట్రేలియా కుటుంబ చట్టంలోనూ ఇద్దరూ సంతకం చేసి, తేదీ వేసిన పేరెంటింగ్ ప్లాన్‌కి చోటుంది. ఇండియాలో లా కమిషన్ 2015లో ఇచ్చిన 257వ నివేదికలో ఉమ్మడి కస్టడీ గురించీ, ఇలాంటి ప్లాన్ల గురించీ సిఫార్సులు చేసింది. అంటే మీరు మెల్‌బోర్న్‌లో ఉన్నా, డల్లాస్‌లో ఉన్నా, విజయవాడలో ఉన్నా ఇప్పుడు చెప్పబోయే అంశాలు చాలావరకు పనికొస్తాయి.

ఒప్పందంలో మొట్టమొదట విడదీసి రాసుకోవాల్సినవి రెండు: నిర్ణయాలు, రోజులు. ఏ బడిలో చేర్చాలి, ఆపరేషన్ అవసరమైతే సంతకం ఎవరిది, పాస్‌పోర్టు, మతం, ఇవన్నీ నిర్ణయాలు. రాత్రి ఎవరింట్లో పడుకుంటుంది, పొద్దున బడికి ఎవరు దింపుతారు అన్నవి రోజులు. మలేసియా కోర్టుల భాషలో మొదటిదాన్ని కస్టడీ, గార్డియన్‌షిప్ అంటారు. రెండోదాన్ని కేర్ అండ్ కంట్రోల్ అంటారు. రెండోవాళ్ళు వచ్చి కలుసుకోవడాన్ని యాక్సెస్ అంటారు. మా విషయంలో నిర్ణయాలు ఇద్దరివీ. రోజువారీ సంరక్షణ వాళ్ళమ్మది. నాకు యాక్సెస్. ఈ తేడా తెలియక "కస్టడీ నాకు రాలేదు, పిల్ల నాది కాకుండా పోయింది" అని కుంగిపోయిన తండ్రుల్ని చూశాను. రాత్రిళ్ళు లెక్కపెట్టుకుంటే తక్కువే ఉండవచ్చు. కానీ బడి మార్చాలన్నప్పుడు మీ మాట కూడా అడిగి తీరాలని రాసుంటే మీరు తండ్రిగానే ఉన్నట్టు.

ఇక క్యాలెండర్. సగం సగం పంచుకుందాం అని చాలామంది మొదలుపెడతారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ కౌలాలంపూర్‌కీ బాగన్ దాతుక్‌కీ మధ్య కారులో రెండు గంటలకు పైగా ప్రయాణం. బడి ఉన్న వారాల్లో పిల్లని అటూ ఇటూ తిప్పడం కుదరదు. కాబట్టి దూరం చూసుకుని లెక్క కట్టాలి. మేం రాసుకున్నది ఇది: వారం విడిచి వారం, శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం 5 గంటల దాకా నా దగ్గర. దానికి తోడు బడి సెలవుల్లో సగం. పాపని అప్పగించేది సబక్ బెర్నామ్‌లో, ఇద్దరికీ దారి మధ్యలో ఉన్న ఒక హోటల్ దగ్గర. ఇంటి గుమ్మంలో అప్పగింతలు పెట్టుకుంటే పాత గొడవలు కూడా గుమ్మంలోకి వస్తాయి. నలుగురూ టీ తాగుతున్న చోట ఎవరి గొంతూ లేవదు. అరగంట కన్నా ఆలస్యమైతే ఫోన్ చేయాలి. వారం మార్చుకోవాలంటే ఏడు రోజుల ముందు మెసేజ్ పెట్టాలి. మార్చుకున్న వారానికి బదులు ఏ వారమో కూడా అదే మెసేజ్‌లో ఉండాలి. మా ఐటీ వాళ్ళకి శని, ఆదివారాల్లోనే సిస్టమ్‌లు మార్చే పని పడుతుంది కాబట్టి ఈ నియమం ముఖ్యంగా నా కోసమే.

ఇక్కడ మలేసియా వాళ్ళు ఒక చిక్కు గమనించాలి. కెడా, కెలంతాన్, తెరెంగాను రాష్ట్రాల్లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. పేరాలో శని, ఆదివారాలు. తల్లి బాగన్ దాతుక్‌లో, తండ్రి కెడాలో పనిచేస్తుంటే ఇద్దరికీ కలిసే సెలవు శనివారం ఒక్కటే. "ప్రతి వీకెండ్" అని రాసి సంతకం పెడితే మొదటి నెలలోనే పేచీ వస్తుంది. రోజుల పేర్లు రాయండి. బడి సెలవులకి మాత్రం తేదీలు రాయకండి. కరోనా తరవాత కొన్నేళ్ళు ఇక్కడ బడి సంవత్సరం మార్చి ప్రాంతంలో మొదలైంది. 2026 నుంచి మళ్ళీ జనవరికి వచ్చింది. తేదీలు రాసుకున్నవాళ్ళ కాగితం పనికి రాకుండా పోయింది. "సంవత్సరాంతపు సెలవుల్లో మొదటి సగం" అని రాసుకున్నవాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు.

పండగలకీ అదే సూత్రం. ఉగాది 2024లో ఏప్రిల్ 9న వచ్చింది, 2025లో మార్చి 30న వచ్చింది. కాబట్టి పండగ పేరే రాయాలి. సరి సంవత్సరాల్లో దీపావళి తల్లి దగ్గర, ఉగాది తండ్రి దగ్గర. బేసి సంవత్సరాల్లో తారుమారు. పుట్టినరోజు ఎవరి దగ్గర ఉన్నా రెండోవాళ్ళకి గంటసేపు ఫోన్ గానీ, వచ్చి కలవడం గానీ. ఇంగ్లీషులో దొరికే నమూనా ఫారాల్లో కనిపించనివి, మనవాళ్ళు తప్పకుండా రాసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. పుట్టు వెంట్రుకలు, చెవులు కుట్టించడం, ఆడపిల్లకి ఓణీల ఫంక్షన్, దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళు, ఇంట్లో పెద్దవాళ్ళు పోయినప్పటి కర్మ. వీటికి ఎవరి వారం అన్నది చూడకుండా పంపాలి, ఇద్దరినీ పిలవాలి అని రాసుకోండి. నాయనమ్మ పోయినరోజు "ఈ వారం నాది కాదు కదా" అని పిల్లని పంపకపోతే ఆ బాధ పిల్ల పెద్దయ్యాక కూడా మరిచిపోదు.

ఫోన్ సంగతి. మేం విడిపోయిన ఏడాది కరోనా ఆంక్షల వల్ల మలేసియాలో రాష్ట్రాల మధ్య ప్రయాణాలు నిలిచిపోయాయి. 2021 అక్టోబరు 11న సడలించేదాకా పేరా సరిహద్దు దాటడం నాకు కుదరలేదు. అన్ని నెలలూ వీడియో కాల్‌లోనే పాపని చూశాను. అప్పుడు పెట్టుకున్న నియమం ఇప్పటికీ ఉంది. రోజూ రాత్రి ఏడున్నరకి 15 నిమిషాలు. ఫోన్ పాప చేతిలోనే ఉంటుంది, పక్కన ఎవరూ మాటలు అందించరు. ఆ కాల్‌లో నేను తెలుగే మాట్లాడతాను. బడిలో మలయ్, ఇంగ్లీషు, వీధిలో తమిళం, ఇన్నిటి మధ్య తెలుగు నిలవాలంటే అది ఎవరో ఒకరి బాధ్యత కావాలి. అందుకే ఒప్పందంలో ఆ ముక్క కూడా రాశాం. ఇండియా సుప్రీంకోర్టు 2020 జనవరిలో యశితా సాహు కేసులో ఇదే సంగతి చెప్పింది. పిల్లలకి తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందే హక్కు ఉందనీ, దూరంగా ఉన్నవాళ్ళకి రోజూ కొద్ది నిమిషాలైనా ఫోన్‌లోనో వీడియోలోనో మాట్లాడే వీలుండాలనీ అంది.

డబ్బు దగ్గరికి వద్దాం. మలేసియా చట్టంలో పిల్లల పోషణ బాధ్యత ఇంతకుముందు 18 ఏళ్ళతో ఆగిపోయేది. 2018 డిసెంబరు 15న అమల్లోకి వచ్చిన సవరణతో, పైచదువులు చదువుతుంటే అవి పూర్తయ్యేదాకా సాగుతుంది. ఒప్పందంలో నెలకి ఇంత అని ఒక అంకె వేసి వదిలేయకండి. బడి వ్యాన్, ట్యూషన్, పళ్ళ డాక్టరు, కళ్ళజోడు, యూనిఫారం, వీటిలో ఏవి ఆ నెల మొత్తంలోకి వస్తాయి, ఏవి విడిగా చెరిసగం అన్నది రాయండి. బిల్లు ఫోటో పంపిన ఎన్ని రోజుల్లో డబ్బు వేయాలో రాయండి. మేం ఇద్దరికీ కనిపించే ఒక షీట్ పెట్టుకున్నాం. అందులో అంకెలు తప్ప వ్యాఖ్యలు ఉండవు. ఇంకొక మాట పెద్ద అక్షరాలతో రాసుకోండి: డబ్బు వేరు, పిల్లని చూడటం వేరు. డబ్బు ఆలస్యమైందని పిల్లని పంపకపోవడం, పిల్లని పంపలేదని డబ్బు ఆపడం, రెండూ పిల్లకే దెబ్బ.

ఇక మన విదేశాంధ్రుల ఇళ్ళల్లో అన్నిటికన్నా భయం పుట్టించేది ప్రయాణం. సెలవులకని తిరుపతి తీసుకెళ్ళి తిరిగి రాకపోతే? ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఎత్తుకెళ్ళిన పిల్లల్ని వెనక్కి రప్పించడానికి 1980 నాటి హేగ్ ఒడంబడిక ఉంది. ఇండియా గానీ మలేసియా గానీ అందులో చేరలేదు. సింగపూర్, ఆస్ట్రేలియా, అమెరికా ఉన్నాయి. అంటే కౌలాలంపూర్ నుంచో హ్యూస్టన్ నుంచో పిల్లల్ని ఇండియాకి తీసుకెళ్ళి అక్కడే ఉంచేస్తే ఆ ఒడంబడిక దారి మనకి దొరకదు. అందుకే ఈ అంశం రాసేటప్పుడు మొహమాటం వద్దు. దేశం దాటించాలంటే రెండోవాళ్ళ రాతపూర్వక అనుమతి. రానూ పోనూ టికెట్ల కాపీ. ఉండబోయే ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుందో, ప్రయాణానికి ఎన్ని రోజుల ముందు ఇవ్వాలో. నిజంగా అనుమానం ఉంటే, 1976 చట్టం 101వ సెక్షన్ కింద పిల్లల్ని దేశం దాటించకుండా హైకోర్టు ఆపగలదు, షరతులతో అనుమతి కూడా ఇవ్వగలదు. అలాగని బంధువుల దగ్గరికి పోకుండా పిల్లని కట్టిపడేయాలని కాదు. కాగితం గట్టిగా ఉంటే ధైర్యంగా పంపచ్చు.

మతం గురించి కూడా ఒక వాక్యం ఉండాలి. మా పేరా రాష్ట్రంలోని ఇపోకి చెందిన ఇందిరా గాంధీ కేసు మలేసియాలో అందరికీ తెలుసు. ఆమెకి తెలియకుండా ముగ్గురు పిల్లల మతాన్ని తండ్రి మార్పించాడు. 2018 జనవరి 29న ఫెడరల్ కోర్టు, ఆ పెళ్ళి సివిల్ చట్టం కింద జరిగింది కాబట్టి మైనర్ పిల్లల మతం మార్చడానికి తల్లిదండ్రులిద్దరి సమ్మతీ కావాలని తీర్పు చెప్పింది. తీర్పు వచ్చింది గానీ, 2009లో 11 నెలల వయసులో తండ్రి తీసుకెళ్ళిన చిన్న కూతురి కోసం ఆ తల్లి తీర్పు తరవాత కూడా ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూనే ఉంది. పెద్ద పెద్ద కోర్టులు కూడా పోయిన బాల్యాన్ని తెచ్చి ఇవ్వలేవు.

ఒప్పందంలో చివరగా ఉండాల్సింది, తేడా వస్తే ఏం చేయాలి అన్నది. మేం మూడు మెట్లు రాసుకున్నాం. మొదట మేమిద్దరం, పాప నిద్రపోయాక, ఆ ఒక్క విషయమే మాట్లాడుకోవాలి. తేలకపోతే ఇద్దరికీ నమ్మకం ఉన్న ఒక పెద్దమనిషి గానీ, శిక్షణ ఉన్న కౌన్సెలర్ గానీ. ఒక్కరే, పదిమంది కాదు. గుడి దగ్గర పంచాయితీ పెడితే తలా ఒక మాట అంటారు, ఆ మాటలు తిరిగి తిరిగి బడిలో పిల్ల చెవిన పడతాయి. అప్పటికీ తేలకపోతే కోర్టు. ఏడాదికోసారి కాగితం తీసి తిరగరాయాలి. 5 ఏళ్ళప్పుడు సరిపోయింది 12 ఏళ్ళప్పుడు సరిపోదు. పిల్లలు పెద్దవుతున్నకొద్దీ వాళ్ళ మాట వినాలి. అయితే "ఎవరి దగ్గర ఉంటావు?" అని అడగకూడదు. "శుక్రవారం డాన్స్ క్లాస్ ఉంది కదా, శనివారం పొద్దున బయల్దేరదామా?" అని అడగాలి. మొదటి ప్రశ్న అడిగితే పిల్ల ఇద్దరిలో ఒకరిని వదులుకోవాలి. రెండోదానికైతే హాయిగా జవాబు చెబుతుంది. ఇలా మార్చుకోవడానికి చట్టం కూడా అడ్డు కాదు. పిల్లల క్షేమం కోసమైతే ఇలాంటి ఒప్పందాల్ని కోర్టు ఎప్పుడైనా సవరించవచ్చని 97వ సెక్షన్ చెబుతుంది. ఇద్దరూ సంతకం పెట్టినా సరే, పిల్లకి చేటు చేసే షరతు నిలవదు.

ఒక హెచ్చరిక. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే ఇప్పటిదాకా చెప్పినదేదీ వర్తించదు. భయపడే మనిషీ, భయపెట్టే మనిషీ ఎదురెదురుగా కూర్చుని రాసుకున్నది ఒప్పందం అనిపించుకోదు. మలేసియాలో 1994 నాటి గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. తాలియన్ కసిహ్ అనే ప్రభుత్వ సహాయ లైన్ 15999 రోజంతా పనిచేస్తుంది. లాయర్‌కి ఇచ్చే స్తోమత లేనివాళ్ళు జబతన్ బంతువన్ గ్వామన్, అంటే ప్రభుత్వ న్యాయసహాయ శాఖని అడగవచ్చు.

విన్నవాళ్ళలో పెద్దవాళ్ళూ ఉంటారు కాబట్టి ఒక విన్నపం. మీ అబ్బాయో అమ్మాయో విడిపోయినప్పుడు మీకు కోపం రావడం సహజం. కానీ మనవరాలి ముందు "మీ నాన్న అలాంటివాడు", "మీ అమ్మ ఇలాంటిది" అనకండి. ఆ పిల్లలో సగం ఆ నాన్న, సగం ఆ అమ్మ. మా పాప అమ్మమ్మగారు నాతో ఎక్కువ మాట్లాడరు. అయినా నేను పాపని తీసుకెళ్ళే ప్రతి శుక్రవారం ఒక డబ్బాలో కొబ్బరి లౌజు పెట్టి పంపిస్తారు. అది నా కోసం కాదని నాకు తెలుసు. నాన్న దగ్గరికి వెళ్ళడం తప్పు పని కాదని పాపకి తెలియడానికి అది చాలు.

ఈ వారమే ఒక కాగితం తీసుకోండి. పైన పిల్ల పేరు రాయండి, మీ పేర్లు కింద రాయండి. సోమవారం పొద్దున నిద్ర లేచిన దగ్గర్నుంచి ఆదివారం రాత్రి పడుకునేదాకా పిల్ల ఎక్కడ ఉంటుంది, ఎవరితో ఉంటుంది అన్నది నింపుకుంటూ వెళ్ళండి. ఖాళీగా మిగిలిన గళ్ళే మీరిద్దరూ ముందు మాట్లాడుకోవాల్సిన విషయాలు.